హోటల్ గదిలో ఇబ్బందైతే ఎవరికి చెప్పాలి, ఏమడగాలి

మా అక్క బిడ్డ పెళ్లి నడి మే నెలలో హన్మకొండలో చేశాం. మగపెళ్లివాళ్లు నిజామాబాద్ నుంచి వస్తున్నారని విడిదికి ఒక పెద్ద హోటల్లో 14 గదులు తీసుకున్నాం. లిఫ్టు, లాన్, కింద బాంకెట్ హాలు అన్నీ ఉన్న హోటలే. రాత్రి తొమ్మిదిన్నర దాటాక పెళ్లికొడుకు నానమ్మ గదిలో ఏసీ గాలి కొడుతుంది గానీ చల్లబడదు. పదకొండుకు రెండో అంతస్తులో నల్లా తిప్పితే గాలి తప్ప నీళ్లు రావు. నేను కిందికి దిగి రిసెప్షన్‌లో ఉన్న పిల్లవాడి మీద అరిచాను. ఇరవై ఏళ్లుంటాయేమో, నైట్ డ్యూటీ. "మోటర్ కాలింది సార్, మెకానిక్‌కు ఫోన్ చేసినం" అన్నాడు. ఇంకా అరిచాను. పావుగంట పోయింది, ఒక్క బకెట్ నీళ్లు కూడా పైకి పోలేదు.

మా బావమరిది గొంతు పెంచలేదు. ఒక తెల్ల కాగితం తీసుకుని పైకెళ్లి గది గదీ తిరిగి రాసుకొచ్చాడు. "203: ఏసీ గాలి వస్తుంది, చల్లదనం లేదు, రాత్రి 9:40. 207: నీళ్లు లేవు, 11:05. 208: నీళ్లు లేవు, 11:05. 211: ఫ్లష్ పనిచేయదు, చంటిపిల్ల ఉంది, 11:20." దాని కింద రెండు వాక్యాలు: "203లో ఉన్న పెద్దావిడను ఇప్పుడే వేరే గదిలోకి మార్చాలి. నీళ్లు లేని గదులకు అర్ధగంటలో బకెట్లతో నీళ్లు పంపాలి, ఈ రాత్రి కిరాయి తీసుకోవద్దు." డ్యూటీ మేనేజర్‌ను పిలిపించి కూర్చోబెట్టి చదివి వినిపించాడు. "చూశాను" అని రాసి టైం వేసి సంతకం పెట్టమన్నాడు. మేనేజర్ కొంచెం నసిగాడు, పెట్టాడు. ఇరవై నిమిషాల్లో నానమ్మ మొదటి అంతస్తు గదిలోకి మారింది. ఒంటిగంటకు ట్యాంకర్ వచ్చింది. మరునాడు బిల్లులో నీళ్లు లేని గదుల ఒక రాత్రి కిరాయి తగ్గింది.

తర్వాత ఎన్నో చోట్ల దిగాను, నేనే ఎందరికో గదులు చూసిపెట్టాను. ప్రతిసారీ పనికొచ్చింది ఆ రాత్రి కాగితం నేర్పిన పద్ధతే. ఇబ్బంది వచ్చిన గంటలోపే, నిర్ణయం తీసుకోగల మనిషికి, ఫలానాది కావాలని రాసి ఇవ్వాలి. తెల్లారి బిల్లు కట్టేటప్పుడు మొదలుపెట్టే గొడవలో మన చేతిలో ఏమీ ఉండదు.

గది తీసుకునే ముందు

రిసెప్షన్‌కు ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి. అడిగినవే మళ్లీ వాట్సాప్‌లో పంపి "సరే" అనిపించుకోండి. కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, లేక లైటూ ఫ్యానేనా? ఎండాకాలంలో మన దగ్గర ఇది అన్నింటికంటే ముందు అడగాల్సింది. చెక్ అవుట్ మధ్యాహ్నం 12కా, దిగిన టైం నుంచి 24 గంటలా? ఆ రోజు కింద హాల్లోనో లాన్‌లోనో ఫంక్షన్ ఉందా? ఉంటే గది వెనకవైపు ఇవ్వగలరా? కాజీపేట వైపు అయితే రైలు పట్టాలు ఎంత దూరమో కూడా అడగండి. నిద్ర పల్చగా పట్టే పెద్దవాళ్లకు అది చిన్న విషయం కాదు.

మేడారం జాతర రోజుల్లో, మంచి ముహూర్తాలున్న వారాల్లో మాత్రం లెక్క వేరు. మేడారం ఇక్కడికి సుమారు 100 కిలోమీటర్లు. రెండేళ్లకోసారి మాఘమాసంలో జాతర వచ్చినప్పుడు హన్మకొండ, వరంగల్‌లో గది దొరకడమే గగనం. అప్పుడు ఫోన్ మాట మీద నమ్మకం పెట్టుకోకండి. ఎంత బయానా ఇచ్చారు, ఏ గది, ఎన్ని రాత్రులు, రేటెంత, రద్దు చేస్తే ఎంత వెనక్కి వస్తుందో రాసిన రసీదు తీసుకోండి. మీ గది ఇంకొకరికి ఎక్కువ రేటుకు ఇచ్చేస్తే ఆ రసీదు తప్ప మీకు దిక్కు లేదు.

సామాను దించకముందే

రూం బాయ్ తలుపు తీసి లైట్లు వేస్తాడు, మనం బ్యాగు మంచం మీద పడేస్తాం. అలా చేయకండి. బ్యాగు గుమ్మం దగ్గరే ఉంచి, ఆ పిల్లవాణ్ణి పది నిమిషాలు ఆగమనండి.

మొదట ఏసీ వేసి 20 మీద పెట్టండి, ఎందుకంటే దానికి టైం పడుతుంది. తర్వాత గీజర్ వేయండి. ఈ లోగా నల్లాలు, షవర్, ఫ్లష్ చూడండి. బాత్రూంలో ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి జాలీ దగ్గర నిలబడండి. నీళ్లు ఆగినా, కింది నుంచి వాసన కొట్టినా రాత్రికి ఆ గదిలో ఉండలేరు. పక్క దుప్పటి ఒక మూల లేపి, పరుపు కుట్టు వెంట ఫోన్ లైటు వేసి చూడండి. మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, ఎండిన నెత్తుటి మరకలు కనబడితే నల్లులున్నట్టే. మెత్త గలీబు తీసి వాసన చూడండి, ఉతికినదో కాదో ముక్కు చెప్పేస్తుంది. తలుపు లోపలి గడియ పడుతుందా, కిటికీ మూస్తే మూతపడుతుందా, ఇంటర్‌కం మోగుతుందా అన్నవి కూడా ముట్టుకుని చూడాల్సినవే.

పది నిమిషాలయ్యాక ఏసీ ముందు చెయ్యి పెట్టండి. గాలి వేగంగా వచ్చినంత మాత్రాన చల్లగా ఉన్నట్టు కాదు. గదిలోని గాలే తిరిగి వస్తుంటే గ్యాసు అయిపోయి ఉండొచ్చు, బయటి యూనిట్ నడవకపోయి ఉండొచ్చు. రెండూ రాత్రి పది తర్వాత బాగయ్యేవి కావు. "కాసేపైతే చల్లబడతది సార్" అన్న మాట వినకుండా అప్పుడే గది మార్చమనండి. సామాను విప్పని మనిషికి గది మార్చడం వాళ్లకూ తేలికే, దుప్పట్లు మళ్లీ మార్చే పని ఉండదు.

ఏదైనా లోపం కనబడితే ఫోటో తీయండి. నీళ్లు రాకపోతే, ఏసీ చప్పుడు చేస్తుంటే వీడియో తీయండి, అందులో గది నంబరు పలక కూడా పడాలి. ఈ ఫోటోలు వాట్సాప్‌లో పంపినా అసలువి ఫోన్‌లోంచి తీసేయకండి. వాట్సాప్‌లో పోయిన ఫోటోలో అది ఎప్పుడు తీసిందన్న వివరం ఉండదు, అసలు ఫోటోలోనే ఉంటుంది.

ఎవరికి చెప్పాలి

రూం బాయ్‌కి చెప్పండి, కానీ అక్కడితో ఆగకండి. చాలా హోటళ్లలో ఈ పిల్లలు ములుగు, భూపాలపల్లి ఊళ్ల నుంచో, ఒడిశా, బిహార్ నుంచో వచ్చినవాళ్లు. పన్నెండు గంటల డ్యూటీ చేస్తుంటారు. కొత్త బెడ్‌షీట్లు కొనడం వాళ్ల చేతిలో లేదు, కాలిన మోటరూ వాళ్ల తప్పు కాదు. నేను అరిచిన ఆ పిల్లవాడే ఆ రాత్రి లిఫ్టు ఆగిపోతే మెట్ల మీద రెండేసి బకెట్లు మోశాడు. నాకు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంటుంది. వాళ్లను తిడితే వాళ్లు మన గది వైపు రావడం మానేస్తారు, మనకే నష్టం.

వరుస ఇది: ముందు ఇంటర్‌కంలో రిసెప్షన్. చెప్పిన టైం రాసుకోండి, ఎత్తిన మనిషి పేరు అడగండి. పావుగంటలో ఎవరూ రాకపోతే కిందికి దిగి డ్యూటీ మేనేజర్‌ను పిలిపించండి. గది మార్చడం, కిరాయి తగ్గించడం రిసెప్షన్‌లోని పిల్లల చేతిలో ఉండదు, ఆయన చేతిలోనో జనరల్ మేనేజర్ చేతిలోనో ఉంటుంది. రాత్రిపూట మేనేజర్ లేడంటే "ఈ రాత్రికి బాధ్యత ఎవరిది?" అని అడగండి. ఎవరో ఒకరు ఉంటారు. మాట్లాడేటప్పుడు నలుగురు మీద పడకుండా ఒక్కరే మాట్లాడండి, మన పెళ్లి గుంపుల్లో ఇది చాలా కష్టమే అయినా. మేనేజర్‌ను కౌంటర్ దగ్గర కాకుండా పక్కన కూర్చోబెట్టి మాట్లాడితే ఆయనకూ పదిమంది ముందు తలవంచుకోవాల్సిన బాధ ఉండదు, "సరే" అనడం సులువవుతుంది.

ఏమడగాలి

చాలామంది ఇక్కడే పొరపడతారు. "ఇదేం హోటలయ్యా, ఇంత కిరాయి తీసుకుని ఇదేనా సర్వీసు?" అంటే మేనేజర్ "సారీ సార్" అంటాడు. అడిగిందానికి జవాబు వచ్చేసింది, మాట అక్కడితో అయిపోయింది. మీకేం కావాలో మీరే తేల్చుకుని దిగండి. అడగదగ్గవి నాలుగే: గది మార్చడం, ఇంతసేపట్లో బాగు చేయడం, కిరాయి తగ్గించడం, పైసలు వెనక్కి ఇచ్చి పంపించడం.

వీటిలో ఏది అడగాలన్నది ఆ రాత్రి ఊళ్లో ఎన్ని గదులు ఖాళీగా ఉన్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. మామూలు రోజున గది మార్చమనండి, సగం గదులు ఖాళీగానే ఉంటాయి. జాతరకో ముహూర్తాలకో హోటల్ నిండి ఉంటే గది మార్చమని రెండు గంటలు పోట్లాడినా లేని గది పుట్టదు. అప్పుడు "అర్ధగంటలో కూలర్ పెట్టించండి, ఈ రాత్రి కిరాయిలో సగం తగ్గించండి" అనండి. ఆయన చేయగలిగింది అడిగారు కాబట్టి చేస్తాడు. పైసలు వెనక్కి తీసుకుని వెళ్లిపోవాలంటే ముందు పక్క హోటల్లో గది ఉందని ఫోన్‌లో ఖాయం చేసుకున్నాకే ఆ మాట అనండి.

తగ్గింపు ఎంత అడగాలి? నేను పెట్టుకున్న లెక్క ఇది. స్నానానికి, బాత్రూంకు నీళ్లు లేకపోయినా, నల్లులున్నా, తలుపు గడియ పడకపోయినా ఆ రాత్రి మొత్తం కిరాయి అడుగుతాను, అది గదే కాదు కాబట్టి. ఏసీ గదికి పైసలు తీసుకుని ఏసీ లేకపోతే వాళ్ల నాన్ ఏసీ గది రేటుకూ దీనికీ ఉన్న తేడా, ఎండాకాలమైతే సగం. టీవీ రాకపోతే, టవల్ ఆలస్యమైతే ఏమీ అడగను, బాగు చేయమంటాను. చిన్నదానికీ పెద్దదానికీ ఒకే గొంతు పెట్టేవాళ్ల మాట మూడోసారికి ఎవరూ వినరు.

రాత్రి చప్పుడు సంగతి విడిగా చెప్పాలి. ఆరుబయట లౌడ్‌స్పీకర్లు, డీజేలు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. మూసి ఉన్న బాంకెట్ హాలు లోపలి సంగతి వేరు గానీ లాన్‌లో మోగే డీజేకు, గేటు ముందు బరాత్‌కు ఇది వర్తిస్తుంది. మేనేజర్‌కు గుర్తు చేయండి. ఆపకపోతే 100కు ఫోన్ చేయండి. గదిలో రహస్య కెమెరా లాంటిదేదైనా కనబడితే మాత్రం మేనేజర్‌తో బేరం పెట్టుకోకండి. దాన్ని ముట్టుకోకుండా ఫోటో తీసి, బయటికి వచ్చి నేరుగా 100 గానీ 112 గానీ కొట్టండి.

పెళ్లి విడిదికి పది గదులు తీసుకున్నప్పుడు

ఆడపెళ్లివాళ్లకు ఇది పరువుతో ముడిపడిన పని. అవతలివాళ్లు "పర్లేదులే" అంటూనే రాత్రంతా చెమటలో పడుకుంటారు, ఆ మాట మూడు నెలల తర్వాత ఎవరి నోటి నుంచో బయటికి వస్తుంది. కాబట్టి వాళ్లు చెప్పేదాకా ఆగకండి. మగపెళ్లివాళ్లు దిగడానికి మూడు గంటల ముందు మీ ఇంటి మనుషులు ఇద్దరు వెళ్లి పైన చెప్పినట్టు ప్రతి గదీ చూడాలి. అన్ని గదుల్లో నల్లాలు ఒకేసారి తిప్పించండి. ఒక్క గదిలో బాగానే వచ్చే నీళ్లు పద్నాలుగు గదుల్లో తెల్లవారుజామున ఐదింటికి ఒకేసారి తిప్పితే రాకపోవచ్చు. పైన ట్యాంకు ఎంత, బోరు మోటర్ ఎన్ని గంటలకోసారి వేస్తారో సూపర్‌వైజర్‌నే అడగండి.

ఒక గది అదనంగా చేతిలో పెట్టుకోండి. ఖర్చే, కాదనను. కానీ ఏ గది చెడినా పెద్దవాళ్లను వెంటనే మార్చగలుగుతారు. మొత్తం బిల్లు ముందే కట్టేయకండి. కనీసం నాలుగో వంతు చివరి రోజుకు ఉంచేలా బుకింగ్ అప్పుడే మాట్లాడుకోండి. విడిది చూసుకోవడానికి మాటతీరు బాగున్న ఒక్క మనిషిని పెట్టి, అతని నంబరే అన్ని గదులకూ ఇవ్వండి. మా ఇంట్లో ఇప్పుడు ఆ పని బావమరిదిదే.

బిల్లు కట్టేటప్పుడు

తగ్గిస్తామన్న మాట చెక్ అవుట్ నాటికి షిఫ్టు మారి మాయమవుతుంది. రాత్రి ఒప్పుకున్న మేనేజర్ పొద్దున ఉండడు. అందుకే ఆ కాగితం. సంతకం పెట్టనంటే అదే రాతను హోటల్ ఈమెయిల్‌కు, రిసెప్షన్ వాట్సాప్‌కు అక్కడికక్కడే పంపండి.

జీఎస్టీ చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదికి 5 శాతమే. అంతకుముందు 12 ఉండేది. 4,000 గదికి 200 పడాలి, 480 పడితే పాత లెక్క వేసినట్టు. 7,500 దాటితే 18. తిండి బిల్లులో సర్వీస్ చార్జి అని తమంతట తామే కలిపితే తీసేయమనండి. అలా కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. నీళ్ల సీసాకు ఎమ్మార్పీ కంటే ఎక్కువ వేశారని మాత్రం కొట్లాడకండి. హోటళ్లు, రెస్టారెంట్లు అలా అమ్మవచ్చని 2017లో సుప్రీంకోర్టే చెప్పింది. బయట దుకాణంలో కొని తెచ్చుకోవడమే మేలు.

తిండి పాడై ఉంటే బిల్లు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నంబరు ఉంటుంది, ఆ నంబరుతో ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. కారు తాళాలు హోటల్ మనిషికి ఇచ్చాక కారు పోతే "పార్కింగ్ మీ సొంత బాధ్యత" అన్న బోర్డు చూపించి తప్పించుకోలేరు. ఢిల్లీలోని ఒక పెద్ద హోటల్ కేసులో 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. తాళాలు ఇచ్చినప్పుడు టోకెన్ తీసుకోవడం మరవకండి.

యాప్‌లో తీసుకున్న గదైతే

పైసలు యాప్‌కు కట్టారు కాబట్టి హోటల్ "యాప్‌ను అడగండి" అంటుంది, యాప్ "హోటల్‌ను అడగండి" అంటుంది. ఇద్దరి మధ్య తిరగకుండా రిసెప్షన్ కౌంటర్ దగ్గర నిలబడే యాప్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఫోన్ మేనేజర్ చేతికివ్వండి. ఫిర్యాదు నంబరు తీసుకోండి. గది వద్దనుకుంటే రిజిస్టర్‌లో సంతకం పెట్టకముందే చెప్పండి. సంతకం పెట్టి ఒక రాత్రి ఉన్నాక పైసలు వెనక్కి రాబట్టడం చాలా కష్టం.

హోటల్ వినకపోతే

ఇంటికి వచ్చాక మూడు రోజుల్లోపు హోటల్ జనరల్ మేనేజర్‌కు ఈమెయిల్ రాయండి. ఒక పేజీ దాటొద్దు. తేదీ, గది నంబరు, ఏమైంది, ఎప్పుడు ఎవరికి చెప్పారు, వాళ్లేం చేశారు, మీకెంత రావాలి, ఎన్ని రోజుల్లో రావాలి. పదిహేను రోజుల గడువు చాలు. తిట్లు, బెదిరింపులు వద్దు, రేపు ఆ ఉత్తరం ఇంకొకరు చదవాల్సి రావచ్చు.

జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు. వాళ్లు ఫిర్యాదును హోటల్‌కు పంపి జవాబు అడుగుతారు. తీర్పు ఇచ్చే అధికారం వాళ్లకు లేదు గానీ, పేరున్న హోటళ్లు, యాప్‌లు చాలాసార్లు ఇక్కడే దిగివస్తాయి.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు తీసుకుని చెప్పిన సేవ సరిగా ఇవ్వకపోవడం సేవాలోపం. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వేసుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. ఈ చట్టం తెచ్చిన గొప్ప సౌకర్యం ఏమిటంటే మీరు ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు. నిజామాబాద్ మనిషి హన్మకొండ హోటల్ మీద నిజామాబాద్‌లోనే కేసు వేయొచ్చు, వాయిదాలకు బస్సెక్కి రానవసరం లేదు. యాప్ అయితే హోటల్‌నూ యాప్‌నూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా అంతకంటే ఎక్కువే పడుతుంది, ఆ ఓపికతోనే దిగండి. రెండు వేల కోసం అంత దూరం పోవాలా అన్నది మీ ఇష్టం. పద్నాలుగు గదుల విడిది చెడగొట్టినవాళ్ల మీదైతే నేను తప్పకుండా పోతాను.

ఫిర్యాదుతో పాటు బుకింగ్ రసీదు, బిల్లు, కట్టిన పైసల వివరం, ఫోటోలు, ఈమెయిల్, 1915 వాళ్లిచ్చిన నంబరు జతచేయండి. హోటల్ తరఫున వచ్చే మొదటి మాట దాదాపు ఎప్పుడూ "ఆ రోజు వీళ్లు మాకేమీ చెప్పలేదు" అన్నదే. మేనేజర్ టైం వేసి సంతకం పెట్టిన కాగితం అప్పుడు తీయాలి. అసలు కాగితం మీ దగ్గరే ఉంచుకుని నకలు మాత్రమే జతచేయండి, చూపమని కమిషన్ అడిగిన రోజు అసలుది పట్టుకెళ్లండి.